కారు పెట్రోలు ఆవిరి లీకును నీటి మట్టంతో పట్టుకోవడం ఎలా?

పొద్దున్నే పోర్టికోలోకి రాగానే పెట్రోలు వాసన గుప్పుమని తగిలి, వంగి చూస్తే నేలమీద ఒక్క చుక్క కూడా కనిపించకపోతే, మీ కారులోనుంచి పోతున్నది పెట్రోలు కాదు, దాని ఆవిరి అని ముందుగా అనుమానించండి. కావలి దగ్గర హైవే పక్కన ఉన్న మా షెడ్డుకు ఇలాంటి కార్లు ఎండాకాలంలోనే ఎక్కువగా వస్తాయి. తీసుకొచ్చినవారిలో చాలామంది అప్పటికే ట్యాంకు మూత మార్చి, ఆపైన ఒక పైపు మార్చి, ఎవరో చెప్పారని ఆవిరిని పట్టి ఉంచే కానిస్టర్ అనే డబ్బా కూడా మార్చి ఉంటారు. వాసన మాత్రం పోయి ఉండదు. కొలవకుండా సామాన్లు మార్చడం వల్ల జరిగే నష్టం ఇది. తాపీమేస్త్రీలు వాడే లెవల్ పైపు, ఒక పాత ట్యూబు, మందుల షాపులో దొరికే రెండు వస్తువులు ఉంటే ఈ లీకును ఎవరికి వారు కొలిచి చూసుకోవచ్చు.

ముందు ఈ ఏర్పాటు పనిచేసే తీరు తెలుసుకోవాలి. ట్యాంకులోని పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఒక సన్నని పైపు బొగ్గు నింపిన డబ్బాలోకి తీసుకుపోతుంది. ఆ డబ్బానే కానిస్టర్ అంటారు. ఇంజను వేడెక్కి నడుస్తున్నప్పుడు, కానిస్టర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న పర్జ్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు ఇంజను పీల్చే బలానికి కానిస్టర్‌కు ఉన్న గాలి రంధ్రం గుండా బయటి గాలి లోపలికి వచ్చి, బొగ్గు పట్టి ఉంచిన ఆవిరిని ఇంజనులోకి తీసుకుపోతుంది, అక్కడ అది కాలిపోతుంది. అంటే ట్యాంకు మూత దగ్గరనుంచి పర్జ్ వాల్వు దాకా ఉన్నదంతా ఒకే సంచి అనుకోవచ్చు. ఆ సంచికి తయారీదారు కావాలని ఉంచిన దారులు రెండే: పర్జ్ వాల్వు, గాలి రంధ్రం. ఆ రెండింటినీ మూసి లోపల కొద్దిపాటి ఒత్తిడి పెడితే అది నిలబడాలి; నిలబడకపోతే ఎక్కడో మూడో దారి ఉన్నట్టే. డీజిలు కార్లకు ఈ ఏర్పాటు ఉండదు. సీఎన్‌జీ కార్లకు పెట్రోలు ట్యాంకు కూడా ఉంటుంది కనుక వాటికి ఇది తప్పకుండా ఉంటుంది.

"లీకు ఉంటే ఇంజను లైటు వెలగాలి కదా" అని చాలామంది అడుగుతారు. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లలో ఇలాంటి లీకును కారే తనంతట తాను పరీక్షించుకోవాలన్న నిబంధన ఉంది. మొదట 1 మిల్లీమీటరు రంధ్రాన్ని, 2000 తరువాతి మోడళ్లలో అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా కనిపెట్టి లైటు వెలిగించాలి. ఇంటర్నెట్లో కనిపించే పీ0442, పీ0455 అనే ఆవిరి లీకు కోడ్ల చర్చలు ఎక్కువగా ఆ కార్ల గురించినవే. మన నిబంధనలు యూరప్ పద్ధతిని అనుసరించినవి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య ప్రమాణాల ప్రకారం, మూసిన గదిలో కారును ఉంచి చేసే ప్రయోగశాల పరీక్షలో ఆవిరి 2 గ్రాములు దాటకూడదు. కానీ అది కొత్త మోడలుకు చేసే పరీక్ష. రోడ్డెక్కిన తరువాత మన దగ్గరి చాలా కార్లు పర్జ్ వాల్వుకు కరెంటు సరిగా అందుతోందా లేదా అన్నది మాత్రమే చూసుకుంటాయి, పైపు పగిలిందా లేదా అన్నది చూసుకోవు. బంకు దగ్గర తీసుకునే పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా సైలెన్సర్ నుంచి వచ్చే పొగకు సంబంధించినదే. కాబట్టి మన కారు ఆవిరి లీకును మనమే వెతికి పట్టుకోవాలి. పెట్రోలులో బెంజీను ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. కారు పడకగది కిటికీ పక్కనే ఆగి ఉండే ఇళ్లలో ఈ వాసనను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎప్పుడు, ఎక్కడ చేయాలి

ఈ పరీక్షను తెల్లవారుజామున, రాత్రంతా కదలకుండా నీడలో ఉన్న కారు మీదనే చేయాలి. మూసి ఉన్న ట్యాంకులో గాలి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే మనం కొలిచే నీటి మట్టం సుమారు మూడున్నర సెంటీమీటర్లు మారిపోతుంది. దానికి పెట్రోలు నుంచి కొత్తగా లేచే ఆవిరి కూడా తోడవుతుంది. రోహిణి కార్తెలో పొద్దు ఏడు దాటిందంటే రేకు ట్యాంకు వేడెక్కడం మొదలవుతుంది, ఒకవైపు లీకు ఉన్నా మరోవైపు ఆవిరి పుట్టుకొచ్చి మట్టాన్ని నిలబెడుతుంది, మనం లీకు లేదని పొరబడతాం. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకూ ముప్పావు వంతుకూ మధ్య ఉండేలా చూసుకోండి. ముందురోజు రాత్రి బంకులో పెట్రోలు పోయించి ఉంటే పరీక్షను మరునాటికి వాయిదా వేయండి.

చోటు ఆరుబయట ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక నేలబారుగా పాకి పల్లంలో నిలుస్తుంది. అందుచేత షెడ్డులోని గుంత మీద గాని, అపార్టుమెంటు సెల్లార్‌లో గాని ఈ పని చేయకూడదు. గాలిలో ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లు ఉన్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇంటి ముందు గుచ్చిన అగరబత్తి, పక్కింటి అరుగు మీద బీడీ, పెరట్లో నీళ్లు కాగే పొయ్యి, ఇవన్నీ ఆరిపోయాకనే పని మొదలుపెట్టండి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పేయండి. పొడి రకం మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉంచుకోండి.

ముందు కళ్లతో, ముక్కుతో

పరికరాలు బిగించకముందే సగం లీకులు కంటికే దొరుకుతాయి. ట్యాంకు మూత విప్పి, దాని రబ్బరు రింగును వేళ్లతో వంచి చూడండి. వంచినచోట వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తే ఆ మూత పనికిరాదు. మూత కూర్చునే అంచును గుడ్డతో తుడిచి, తుప్పు గాని సొట్ట గాని ఉందేమో గమనించండి. తరువాత వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు తీసి, పెట్రోలు పోసే గొట్టం ట్యాంకు దాకా వెళ్లే దారిని చూడండి. మన తీరంలో ఉప్పుగాలికి తోడు చక్రం ఎగజిమ్మిన బురద ఈ తొడుగు వెనక చేరి నెలల తరబడి తడిగా ఉంటుంది. రేకు గొట్టాలు క్లిప్పు కిందనే, కనిపించనిచోటే తుప్పు పడతాయి. వరిచేల పక్కన నిలిపే కార్లలో ఎలుకలు కొరికిన రబ్బరు పైపులు కూడా తరచుగా చూస్తుంటాను. పంట కోసిన తరువాత ఎలుకలు ఇళ్లవైపు మళ్లే రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

కానిస్టర్‌ను చేత్తో ఎత్తి చూడండి. మామూలుకన్నా బరువుగా ఉండి, పైపు ఊడదీయగానే పెట్రోలు చుక్కలు రాలితే అందులోకి ద్రవమే చేరిందని అర్థం. బంకులో గన్ను తనంతట తాను ఆగిన తరువాత కూడా రౌండ్ ఫిగర్ కోసం మరికాస్త పోయించుకునే అలవాటు దీనికి ముఖ్యకారణం. అలా తడిసిన బొగ్గు మళ్లీ సరిగా పనిచేయదు, అలాంటి కారులో లీకు లేకపోయినా వాసన వస్తుంది.

పర్జ్ వాల్వును విడిగా పరీక్షించడం

ఇంజను గదిలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాలు) దగ్గర, రెండు సన్నని పైపులూ ఒక కరెంటు ప్లగ్గూ ఉన్న చిన్న వాల్వు కనిపిస్తుంది. కానిస్టర్ నుంచి వచ్చే పైపును దానినుంచి ఊడదీసి, ఈ ఒక్క పరీక్ష కోసం బ్యాటరీ తిరిగి కలిపి, చల్లగా ఉన్న ఇంజనును స్టార్ట్ చేసి, వాల్వు నోటికి వేలు అడ్డం పెట్టండి. ఇంజను చల్లగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడ్లింగ్‌లో తిరుగుతున్నప్పుడు అక్కడ పీల్పు ఉండకూడదు. వేలిని లాగుతున్నట్టు అనిపిస్తే వాల్వు మూసుకోవడం లేదు. పెట్రోలు పోయించిన వెంటనే కారు స్టార్ట్ కావడానికి మొరాయించడం కూడా ఈ లోపానికే గుర్తు. ఇంజను ఆపి వాల్వును పూర్తిగా విప్పి, కారుకు దూరంగా తీసుకుపోయి, 12 వోల్టులు ఇచ్చి చూడండి. టక్కుమని శబ్దం చేసి తెరుచుకోవాలి, కరెంటు తీయగానే మూసుకోవాలి. నోటితో ఊది గాని పీల్చి గాని చూడకండి, సైకిలు పంపుకు సన్నని రబ్బరు గొట్టం తగిలించి చూస్తే చాలు. ఈ పని అయ్యాక బ్యాటరీ మళ్లీ విప్పి, వాల్వు వేడి ఇంజనుకు దగ్గరగా ఉన్న కార్లలో ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగండి. నేనయితే వాల్వు పరీక్షను ముందురోజు సాయంత్రమే ముగించి, ఒత్తిడి పరీక్షను మరునాటి ఉదయానికి ఉంచుకుంటాను.

కొలిచే పరికరం తయారీ

ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే ఈ పరీక్షలో ప్రమాదమైనా నమ్మకమైనా ఒత్తిడి అదుపులోనే ఉంది. ఆవిరి ఏర్పాటును అర పీఎస్‌ఐ దగ్గర పరీక్షిస్తారు, ఒక పీఎస్‌ఐ ఎన్నడూ దాటనివ్వరు. అర పీఎస్‌ఐ అంటే మీ టైరులోని గాలి ఒత్తిడిలో అరవయ్యో వంతు. కంప్రెసరు గాలిని నేరుగా పెడితే ట్యాంకు ఉబ్బిపోతుంది, కానిస్టర్ పగులుతుంది. పైగా గాలిలోని ఆక్సిజన్‌ను పెట్రోలు ఆవిరిలోకి మనమే ఎక్కించినట్టవుతుంది. ఇంత తక్కువ ఒత్తిడిని టైరు గేజి చూపించలేదు, నీరు మాత్రం చక్కగా చూపిస్తుంది: అర పీఎస్‌ఐకి సరిపోయే నీటి మట్టం తేడా 35 సెంటీమీటర్లు.

రెండు మీటర్ల లెవల్ పైపును ఒక పలక మీద యూ ఆకారంలో నిలువుగా బిగించి, రెండు చేతుల్లోనూ సగం దాకా నీళ్లు పోయండి. నీలిరంగు రెండు చుక్కలు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది. నీటిలో బుడగలు చిక్కుకుని ఉంటే, మేస్త్రి గోడ మట్టం చూసేముందు చేసినట్టే పైపును వేలితో తట్టి వాటిని వదిలించండి. పక్కనే టైలరు టేపు అంటించండి. ఒక చేతి పైకొసను గ్యాసు వెళ్లే పైపుకు కలపాలి, ఆ పైపునే ఇకమీద మన లైను అంటాను; రెండో చేతి పైకొసను తెరిచే ఉంచాలి. ఒత్తిడి పెట్టినప్పుడు ఒక చేతిలో నీరు 17.5 సెంటీమీటర్లు దిగి, మరో చేతిలో అంతే పైకి లేస్తుంది. రెంటి మధ్య తేడాయే మన కొలత. ఒకవైపు మాత్రమే చూసి 35 దాకా ఎక్కిస్తే అసలు ఒత్తిడి రెట్టింపు అవుతుంది, ఈ పొరపాటు ఎప్పుడూ చేయకండి.

ఒత్తిడి పొరపాటున పెరిగినా ప్రమాదం లేకుండా ఇంకో రక్షణ పెట్టుకోవాలి. అడుగు మూసిన ఒక పీవీసీ గొట్టంలో నీళ్లు నింపి, అందులో సన్నని పైపును నీటి మట్టానికి సరిగ్గా 35 సెంటీమీటర్ల లోతు దిగేలా నిలబెట్టి, దాని పైకొసను టీ జాయింటుతో మన లైనుకు కలపండి. ఒత్తిడి అంతకు మించితే గ్యాసు బుడబుడమని ఆ నీటిలోనుంచి బయటికి పోతుంది. ఏ వాల్వూ దీనంత నమ్మకంగా పనిచేయదు.

గ్యాసు కోసం నైట్రోజన్ వాడండి. టైర్ల షాపుల్లో నైట్రోజన్ నింపుతారు, ఒక పాత ట్రాక్టరు ముందు చక్రం ట్యూబులో వదులుగా నింపించి తెచ్చుకుంటే ఒక కారుకు ధారాళంగా సరిపోతుంది. ట్యూబు మూతి నుంచి వచ్చే పైపుకు సెలైన్ సెట్టులోని చక్రం క్లిప్పు బిగిస్తే, గ్యాసును చుక్కల్లా నెమ్మదిగా వదలవచ్చు. లైనులో ఇంకో టీ జాయింటు పెట్టి, దానికి ఆకుపచ్చ మొదలున్న 21 గేజి ఇంజెక్షన్ సూదిని రబ్బరు ముక్కతో అమర్చి, మూసి ఉంచండి. ఆ సూది లోపలి రంధ్రం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, తెలిసిన లీకుగా అది మనకు తరువాత ఉపయోగపడుతుంది.

ఒత్తిడి పెట్టడం, చదవడం

పర్జ్ వాల్వు నుంచి ఊడదీసిన కానిస్టర్ పైపుకు మన లైనును కలపండి. కానిస్టర్ గాలి రంధ్రాన్ని మెత్తని రబ్బరు బిరడాతో మూయండి. ట్యాంకు మూతను మూడు నాలుగు టక్కులు వినిపించేదాకా బిగించి, క్లిప్పును కొద్దిగా వదలండి. నీటి మట్టం నిదానంగా కదలాలి. చిటికెలో 35కు చేరిందంటే గ్యాసు ట్యాంకు దాకా వెళ్లడం లేదని అర్థం. పైపు నలిగి ఉండవచ్చు, లేదా మధ్యలో ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉండవచ్చు. దీన్ని నిర్ధారించుకోవడానికి మట్టం పైకి లేచాక ట్యాంకు మూతను వదులు చేయండి. నీరు వెంటనే దిగిపోతే దారి తెరిచే ఉంది. దిగకపోతే మీరు ట్యాంకును పరీక్షించడమే లేదు, అలాంటప్పుడు ట్యాంకు దగ్గరి పైపునుంచే గ్యాసు ఎక్కించాలి.

దారి సరిగా ఉందని తేలాక మూత తిరిగి బిగించి, మట్టం తేడాను 35కు తెచ్చి, క్లిప్పు మూసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. కొత్తగా చేరిన నైట్రోజన్‌లోకి పెట్రోలు కొంత ఆవిరవుతుంది కనుక మొదట్లో మట్టం అటూ ఇటూ అవుతుంది, ఆ కదలికను లెక్కలోకి తీసుకోకూడదు. మట్టం కుదురుకున్నాక టైము రాసుకుని ఐదు నిమిషాలు చూడండి. రెండు మూడు సెంటీమీటర్లు కదిలితే అది వాతావరణం వల్ల వచ్చే తేడా. కళ్ల ముందే జారిపోతూ ఉంటే లీకు ఉంది. అది ఎంత పెద్దదో తెలుసుకోవడానికే సూది పెట్టుకున్నాం: మళ్లీ 35కు తెచ్చి, సూది మూత తీసి, మట్టం సగానికి రావడానికి పట్టిన టైమును రాసుకోండి. సగం ఖాళీగా ఉన్న చిన్న కారు ట్యాంకులో అర మిల్లీమీటరు రంధ్రం ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో మట్టం సగానికి దిగుతుంది, ఒక మిల్లీమీటరు రంధ్రానికి పావు నిమిషం కూడా పట్టదు. సూది మూసి ఉన్నా ఒకటి రెండు నిమిషాల్లోనే సగానికి దిగుతోందంటే మీ కారులో సూది రంధ్రం లాంటిదే ఇంకొకటి ఉందన్నమాట. మరొక ఉపయోగం కూడా ఉంది: సూది తెరిచినా మట్టం దిగలేదంటే లోపం మీ పరికరంలోనే ఉంది.

చోటు పట్టుకోవడం

ఒత్తిడి ఉండగానే కుంకుడు రసాన్ని గాని, నీటిలో కలిపిన షాంపూను గాని మెత్తని బ్రష్షుతో ఒక్కొక్క జాయింటుకు పూయండి. మూత అంచు, పెట్రోలు గొట్టానికున్న రెండు క్లిప్పులు, ట్యాంకు పైన పంపు కూర్చునే రింగు, కానిస్టర్ పైపుల మొదళ్లు, ఈ వరసలో వెళ్లండి. కొన్ని కార్లలో పంపు రింగును వెనక సీటు ఎత్తి, కిందనున్న మూత తీసి చూడవచ్చు. మరికొన్నింటిలో ట్యాంకు దించక తప్పదు. పెద్ద లీకు బుడగను ఊది పగలగొట్టేస్తుంది కనుక నురుగు లేచే చోటునే కాదు, పూసిన రసం పదే పదే ఆరిపోతున్న చోటును కూడా అనుమానించాలి. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను జాయింట్ల వెంబడి నడిపిస్తే సన్నని బుస వినిపిస్తుంది.

తుమ్మలపెంట వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన, "అన్నా, వాసన పడగ్గది దాకా వస్తా ఉంది, పిల్లలు తలనొప్పి అంటా ఉండారు" అని కారు తెచ్చారు. అప్పటికి ఆయన రెండు మూతలు మార్చి ఉన్నారు. మట్టం అర నిమిషంలో సగానికి దిగింది. గొట్టం అంతా బాగానే కనిపించింది, నురుగు ఎక్కడా లేవలేదు. క్లిప్పు వదులు చేసి రబ్బరు పైపును వేలెడు వెనక్కి జరిపాక, రేకు మీద తుప్పు పొర లేచినచోట, ఆవగింజంతైనా లేని రంధ్రం దగ్గర సన్నని నురుగు పూసల్లా వరసగా పుట్టడం మొదలైంది. గొట్టం మార్చాము, మరునాడు మట్టం ఐదు నిమిషాల్లో ఒక సెంటీమీటరు కూడా కదలలేదు.

మీకు చోటు దొరక్కపోతే పొగ యంత్రం ఉన్న షెడ్డుకు వెళ్లండి. మినరల్ ఆయిలును వేడిచేసి పుట్టించిన పొగను తక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే అది లీకు దగ్గర బయటికి వస్తుంది, టార్చి వెలుగులో దారంలా కనిపిస్తుంది. పొగను నైట్రోజన్‌తో తోస్తున్నారా, కంప్రెసరు గాలితోనా అని తప్పకుండా అడగండి. వేడి కాయిల్‌తో ఇంట్లో పొగ యంత్రం చేసే వీడియోలను చూసి పెట్రోలు ట్యాంకు పక్కన ప్రయోగం చేయవద్దని వేడుకుంటున్నాను.

బాగుచేయడం, తిరిగి విప్పడం

పైపు మార్చేటప్పుడు పెట్రోలుకు పనికివచ్చే హోస్‌నే వేయించండి. వైపరు నీళ్ల పైపు ఒక వేసవి దాటకముందే గట్టిపడి పగులుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కనుక పాత కార్లకు రబ్బరు రింగులను కూడా ఇథనాల్‌ను తట్టుకునే రకంలోనే తీసుకోండి. ట్యాంకుకు వెల్డింగు చేయించే ఆలోచన పెట్టుకోవద్దు, ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం. ఏది మార్చినా మళ్లీ 35కు ఎక్కించి ఐదు నిమిషాలు చూడనిదే పని పూర్తయినట్టు భావించకండి, ఎందుకంటే పెద్ద లీకు మూసుకున్నాకనే దాని వెనక దాగిన చిన్న లీకు బయటపడుతుంది.

ఆ తరువాత ఒత్తిడిని పీవీసీ గొట్టం వైపు నెమ్మదిగా వదిలి, పైపులు తిరిగి కలిపి, గాలి రంధ్రంలోని బిరడాను తీసేయాలి. ఒకసారి నేను ఈ బిరడా తీయడం మరిచిపోయాను. ఆ కారు ఒంగోలు బయలుదేరి ఉలవపాడు దాటిన తరువాత మొరాయించి ఆగిపోయింది. నేను ఫోనులో చెప్పినట్టు ఆయన ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. పెట్రోలు తగ్గేకొద్దీ గాలి లోపలికి వెళ్లే దారి లేక ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు పెట్రోలును లాగలేకపోయింది. ఇంటిల్లిపాదీ హైవే పక్కన ఎండలో గంటసేపు నిలబడవలసి వచ్చింది, ఆ తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి ఆ బిరడాకు మూరెడు ఎర్ర తాడు కట్టి, ఆ తాడు రెండో కొసకు కారు తాళంచెవిని ముడివేస్తున్నాను. బిరడా ఊడిరానిదే తాళంచెవి చేతికి రాదు. మీరు కూడా పని మొదలుపెట్టేముందే ఆ ముడి వేసుకోండి.